చిన్నది చాలన్న చెయ్యి

కొనడానికి ఎవరు వచ్చినా అతను ముందుగా చేసే పని ఒకటే. బల్ల మీదున్న నల్ల డబ్బా నెత్తిన అరచెయ్యి పెడతాడు. చుట్టాలకి కొడుకును చూపించే తండ్రిలా ఆ చేతిని అక్కడే ఉంచి, రెండో చేత్తో మీట నొక్కి, "ఇందులో ఉన్నది చిన్నదే" అంటాడు.

తెర వెలుగుతుంది. వచ్చినవాళ్ళు కుర్చీ సర్దుకుని కూర్చునేలోపు అన్నీ తెరుచుకుని ఉంటాయి. ఉత్తరం రాసే పేజీ, లెక్కల పట్టిక, ఒక పాట, ఒక ఫొటో. ఏదీ ఇంకోదాని కోసం ఆగదు.

"చూశారుగా. చిన్నది చాలు. ప్రాసెసర్ మీద మిగిలిన డబ్బు ర్యామ్‌కి పెట్టండి, మంచి డిస్కుకి పెట్టండి. ఇంకా మిగిలితే నడుము నొప్పి రాని కుర్చీ కొనుక్కోండి. కుర్చీలో కూర్చునేది మీరు, ప్రాసెసర్ కాదు."

వాళ్ళు నవ్వుతారు. కొంటారు.

వీధిలో అతన్ని అందరూ చిన్నదిచాలు అనే పిలిచేవారు. అసలు పేరు దుకాణం బోర్డు మీద ఉండేది. ఎండకీ వానకీ అది వెలిసిపోయింది. మళ్ళీ రాయించాలని అతనికి తోచలేదు.

దుకాణం జిరాక్సు కొట్టుకీ మెట్లకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది. ముందు డెమో బల్ల. దాని వెనక గోడ పొడుగునా అరలు. అరల్లో పాత మాత్రల సీసాలు, సీసాకో రకం మర. చివర కిటికీ పక్కన భార్య బల్ల. అతికే పనీ విప్పే పనీ ఆమెవి. ఆమె చేతిలో టంకం కడ్డీ కొన నుంచి సన్నని పొగ లేచి కిటికీలోంచి పోతూ ఉంటుంది. మాట అమ్మేది అతను, పని చేసేది ఆమె అని జిరాక్సాయన వేళాకోళం.

కుర్రతనంలో అతను ఒక పెద్ద షోరూములో పని చేశాడు. ఒకనాడు ఒక గేటు గుమాస్తాకి అక్కడివాళ్ళు సినిమాలు కత్తిరించి కూర్చుకునేంత పెద్ద యంత్రం అంటగట్టారు. లోపలికి వచ్చే లారీల నంబర్లు రాసుకోవడానికి. మరమ్మతుకని వెళ్ళినప్పుడు చూశాడు, గుమాస్తా దాని మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంచాడు. రోజూ తువ్వాలు తీసి, నాలుగు నంబర్లు రాసి, మళ్ళీ కప్పేవాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఏమిటో అతనికి ఆ తువ్వాలు చూశాకే తెలిసింది. షోరూము మానేసి సొంత దుకాణం పెట్టాడు. మొదట బిగించిన యంత్రాన్నే డెమోగా ఉంచుకున్నాడు. అందులో అప్పట్లో దొరికేవాటిలోకెల్లా చిన్న ప్రాసెసర్‌ని తన వేళ్ళతో కూర్చోబెట్టాడు.

అందరికీ అదే ఇచ్చాడు. వకీలు గుమాస్తాకి, మందుల కొట్టుకి, ట్యూషన్ చెప్పే ఆవిడకి, సొంత అక్కకి.

కొందరు తిరిగొచ్చేవారు. "నెమ్మదిగా ఉందండీ" అనేవారు. విసుక్కునేవాడు కాదు. మూత విప్పి దుమ్ము ఊదేవాడు, ఫ్యాన్ తిప్పి చూసేవాడు, అక్కర్లేనివి తీసేసేవాడు. అన్నీ సరిగ్గానే ఉండేవి. అప్పుడు వాళ్ళని డెమో దగ్గరికి తీసుకొచ్చి నెత్తిన చెయ్యి పెట్టేవాడు.

"అదే ప్రాసెసర్, అదే బోర్డు. ఇక్కడ పరిగెడుతోంది, మీ దగ్గర కుంటుతోంది. మరి తేడా ఎక్కడుందంటారు?"

వాళ్ళు తమ చేతుల వంక చూసుకునేవారు.

"ఆడలేక మద్దెల ఓడన్నారట. అలవాటైతే అదే వస్తుందిలెండి" అని నవ్వేవాడు. వాళ్ళూ మొహమాటంగా నవ్వి డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయేవారు. అలా వెళ్ళినవాళ్ళెవరూ రెండోసారి ఆ మాటతో రాలేదు. రాకపోవడాన్ని అతను తన గెలుపు కింద రాసుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. అక్కకి కుట్టు పూల కొట్టు ఉంది. కంప్యూటర్ మీద తీగలూ ఆకులూ గీసి ఇస్తే కుట్టు మిషన్ వాటిని గుడ్డ మీద కుడుతుంది. దుమ్ము దులపమని తన యంత్రాన్ని ముందు రోజే పంపింది. అది భార్య బల్ల మీద మూత విప్పి ఉంది.

"ఇంకా అవలేదా మరదలా? సాయంత్రం హోటలాయన వస్తాడు. దుప్పటి అంచు తీగ సగంలో ఉంది."

"అయిపోవచ్చింది వదినా. ఫ్యాన్ బిగించాలి."

"అయితే ఒరేయ్, అందాకా నీ డెమో మీద కూర్చుంటా."

"కూర్చో. పాడు చెయ్యకు."

"నేనా? చిన్నప్పుడు నాన్న రేడియో విప్పి, మళ్ళీ బిగించలేక మంచం కింద దూరింది ఎవడ్రా?"

"మరలు నువ్వు దాచావు."

"రెండే దాచాను."

అక్క వెంట తెచ్చుకున్న పెన్‌డ్రైవ్ గుచ్చి కూర్చుంది. అతను రేపటి పని మీద ఉన్నాడు. బడి హెడ్‌మిస్ట్రెస్ రేపు పొద్దున్నే వస్తానంది. పోయిన వారం వచ్చి డెమో చూసి ముచ్చటపడింది. ఒక గది నిండా కంప్యూటర్లు, పిల్లల కోసం. అన్నీ చిన్నవే చాలన్నాడు అతను. ఆ దుకాణానికి అంత పెద్ద బేరం ఎప్పుడూ రాలేదు. రేపు ఇంకోసారి డెమో చూసి సరేనంటుంది. అందుకని తెర తుడుస్తున్నాడు, వైర్లు చుడుతున్నాడు, ఊడ్చిన నేలనే మళ్ళీ ఊడుస్తున్నాడు.

కాసేపటికి అక్క మాట్లాడటం లేదని గమనించాడు. అక్క మాట్లాడకపోవడం వింత. తిరిగి చూశాడు. ఆమె తెర మీది తీగని మౌస్‌తో పట్టుకుని అటు లాగుతోంది, ఇటు లాగుతోంది. మళ్ళీ అటు.

"ఏంటక్కా, ఆటలా?"

"తీగ నా చేతి వెంట వస్తోందిరా."

"రాక ఎక్కడికి పోతుంది?"

"నా దగ్గర రాదు. లాగి వదిలిపెట్టి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాను. అప్పటికి కదులుతుంది."

అతని నోట అలవాటు మాట తయారుగా ఉంది. "ఆడలేక…"

"మద్దెల ఓడు. తెలుసు. కొన్న కొత్తల్లో అదే చెప్పావు." అక్క గొంతులో కోపం లేదు. "నమ్మాను కూడా. వయసు మీద పడింది, చెయ్యి మొద్దుబారిందనుకున్నా. పడుకునేముందు ఈ వేళ్ళకి నూనె రాసుకుంటానురా నేను. నీకు చెప్పలేదు, నవ్వుతావని."

కుడిచెయ్యి ఎత్తి అతనికి చూపించింది.

"ఇదే చెయ్యి కదా. ఇప్పుడు కూడా ఇదే కదా. నీ దాంట్లో ఏముందిరా?"

"నీ దాంట్లో ఉన్నదే."

"అయితే చూపించు."

చూపించడానికి పెద్ద పనేం లేదు. తెర మీద రెండు చోట్ల నొక్కితే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. వచ్చిన ప్రతి యంత్రానికీ ముందు అదే చూస్తాడు. డెమోకి మాత్రం ఏనాడూ చూడలేదు. సొంత ఇంటి గుమ్మం మీది పేరు ఎవరు చదువుకుంటారు? అక్క భుజం మీంచి వంగి నొక్కాడు.

పేరు వచ్చింది.

చదివాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు. చిన్నది కాదు. నడిమిది కూడా కాదు. తను ఎవరికీ అమ్మనిది, వద్దు వద్దని చెప్పి పంపేది.

"తెర తప్పు చెబుతోంది" అన్నాడు.

కిటికీ దగ్గర పొగ ఆగింది. భార్య కడ్డీని స్టాండులో పెట్టింది. "ఇప్పుడెందుకండీ" అంది. "రేపు హెడ్‌మిస్ట్రెస్ వస్తోంది. విప్పితే మళ్ళీ ఏం తేడా వస్తుందో."

ఆమె గొంతు అతనికి కొత్తగా వినిపించింది. అప్పటికీ ఏమీ తట్టలేదు. కరెంటు తీశాడు. పక్క మూత విప్పాడు. మరలు సీసాలో వేయడం మరిచి బల్ల మీదే వదిలేశాడు. ఫ్యాన్ లేపాడు. దాని కింద వేడి లాగే పేస్టు, ఎండిపోయి, బూడిద రంగులో. గుడ్డకి స్పిరిట్ అంటించి తుడిచి, ప్రాసెసర్‌ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీ వెలుగుకి వాల్చాడు.

లోహం మీద చెక్కిన అక్షరాలు. తెర చెప్పిన పేరే.

మళ్ళీ తుడిచాడు. తుడిస్తే అక్షరాలు పోతాయన్నట్టు. అవి ఇంకా తేటపడ్డాయి.

అతని చేతిలో బరువేమీ లేదు. బిస్కెట్ ముక్కంత కూడా ఉండదది. కింద పెట్టాలనుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదు.

జిరాక్సాయన తలుపులోంచి తొంగి చూశాడు. "బావా, కత్తెర ఉందా? ఏంటిది, ఎవరైనా పోయారా? ఆ మొహాలేంటి?" బల్ల మీది డబ్బాని చూసి లోపలికి వచ్చాడు. "అయ్యో, డెమో పొట్ట కోశారా!"

అక్క చెప్పింది. "వీడి చిన్నది చిన్నది కాదట."

జిరాక్సాయన వంగి చూశాడు, ఏమీ అర్థం కాకపోయినా. కాసేపు గెడ్డం గోక్కున్నాడు. "అయితే ఏమైంది బావా? దానికి తెలుసా, నీకు తెలుసా, ఇన్నాళ్ళు? మూత పెట్టెయ్. రేపు ఆవిడొచ్చి చూసి సరేనన్నాక తీరిగ్గా బాధపడుదువుగాని."

"నువ్వు కత్తెర తీసుకుని వెళ్ళవయ్యా" అంది అక్క.

ఆయన కత్తెర పట్టుకుని వెళ్ళాడు.

"ఎవరు మార్చారు?" అన్నాడు చిన్నదిచాలు. దొంగలెవరైనా పడ్డారేమో అన్నట్టు అడిగాడు. దొంగలు చిన్నది తీసుకుని పెద్దది పెట్టిపోతారా అన్న ఆలోచన వెంటనే వచ్చింది. అప్పుడు భార్య వైపు తిరిగాడు.

"నేనే" అంది ఆమె.

చెప్పింది. దుకాణం పెట్టిన కొత్తల్లో అతను కాలు విరిగి అక్క ఇంట్లో మంచాన ఉన్నప్పటి మాట. దుకాణం ఆమె ఒక్కతే చూసుకుంది. ఒక రోజు వకీలు గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. యంత్రం చచ్చిపోయింది, మర్నాడు కోర్టులో కాగితాలు ఇవ్వాలి. పోయింది ప్రాసెసరే. చిన్నవి అరలో ఒక్కటీ లేవు, సరుకు రావడం లేదు. మనిషి గుమ్మంలో నిలబడి ఏడుపొక్కటే తక్కువ. ఆమె డెమోలోది తీసి అతనికి పెట్టింది. డెమో చీకటిగా ఉంటే బాగుండదని, ఫొటో స్టూడియో వాళ్ళు మార్చుకుని వదిలేసిన పెద్దదాన్ని అందులో పెట్టింది. చిన్నవి రాగానే మార్చేద్దామనుకుంది.

"మీరు చంక కర్రతో వచ్చారు. వస్తూనే దాని నెత్తిన చెయ్యి పెట్టి మీట నొక్కారు. అది లేచింది. 'చూశావా, నేను లేకపోయినా మన చిన్నది ఎంత హుషారుగా ఉందో' అన్నారు. కాలు విరిగాక మీరు నవ్వడం అదే మొదలు. ఆ పూట చెప్పలేకపోయాను."

"మర్నాడు?"

"మర్నాడు ఎవరో కొనడానికి వచ్చారు. వాళ్ళకి అదే చెప్పారు. ఆ తర్వాత ఎలా చెప్పను?"

అతను కుర్చీ కోసం చెయ్యి చాపాడు. అక్క లేచి తన కుర్చీ ఇచ్చింది.

"రోజూ వింటూనే ఉన్నావా? నేను చెబుతుంటే?"

"వింటూనే ఉన్నా."

"నవ్వొచ్చేదా?"

"భయమేసేది. మీరు దాని మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నా బల్ల మీదకి తల వంచేసేదాన్ని." ఆమె తలెత్తి సూటిగా చూసింది. "నాదే తప్పు. కాదనను. కానీ ఒక మాట అడుగుతా. నెమ్మదిగా ఉందని అంతమంది వచ్చారు కదా. ఒక్కళ్ళనైనా నమ్మారా? వాళ్ళ డబ్బాలన్నీ విప్పారు. మీది ఒక్కసారి విప్పారా? మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను నాలుగో కాలు చూపిస్తే మాత్రం ఒప్పుకునేవారా?"

అతను విప్పి పెట్టిన ఫ్యాన్ వంక చూశాడు.

ఫ్యాన్ చప్పుడు పెరిగిందని ఎన్నోసార్లు అనిపించింది. ముసలిదైందనుకుని నూనె వేశాడు. పైమూత వెచ్చగా తగిలేది. "ముట్టుకోండి, ప్రాణమున్నట్టు ఎలా ఉందో" అని వచ్చినవాళ్ళ చేత కూడా ముట్టించాడు. చిన్నదానికి అంత వేడి ఉండదని అతనికంటే బాగా తెలిసినవాళ్ళు ఆ వీధిలో లేరు. రోజూ తాకిన చేతికే తెలియలేదు. దీపం కింద చీకటి అంటారు. అతని అరచేతి కిందే ఉంది.

కొన్నవాళ్ళ మొహాలు గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. తెర మీద ఒకేసారి పది కిటికీలు తెరిచి, ఏదీ కదలక బిత్తరపోయిన ట్యూషన్ ఆవిడ. తన చూపు మందగించిందేమో అని అడిగిన మందుల కొట్టు ముసలాయన. ఆయనకి అతనేం చెప్పాడు? కళ్ళజోడు మార్చుకోమన్నాడు. నిజంగా అన్నాడు. ఆ మాట ఇప్పుడు చెవిలో వినిపించింది. ఎంతమంది తమ వేళ్ళని తిట్టుకున్నారో. ఎంతమంది నూనె రాసుకున్నారో. వాళ్ళ మద్దెల నిజంగానే ఓడు. చేతకాదని వాళ్ళకి నేర్పింది తను.

చిన్నది చెడ్డదా అని తనను తాను అడిగాడు. కాదు. ఉత్తరాలకీ లెక్కలకీ అది చాలు. ఆ సంగతి ఇప్పటికీ నిజమే. ఒంటి పొయ్యి మీద ఒక గిన్నె ఉడుకుతుంది. నాలుగు గిన్నెలు పెట్టి, ఉడకకపోతే వండేవాళ్ళది తప్పని చెప్పకూడదు. తను చెప్పాడు. వెనకాల పెద్ద పొయ్యి పెట్టుకుని చెప్పాడు. తెలియకుండానే. తెలియకపోవడం అతనికి సాయం రాలేదు.

"భస్మాసుర హస్తమైంది నాది" అన్నాడు చివరికి.

అక్క పకపకా నవ్వింది, కళ్ళలో నీళ్ళతోనే. "నీ నెత్తిన పెట్టుకోలేదు కదా, ఇంకా నయం. లేవరా. నా తీగ పూర్తి కాలేదు. దాన్ని మళ్ళీ అందులో పెట్టు, హోటలాయన వచ్చేస్తాడు."

అతను పేస్టు కొత్తగా రాసి, పెద్దదాన్ని తిరిగి కూర్చోబెట్టాడు. అక్క తీగ పూర్తి చేసింది. తీగ ఆమె చేతి వెంట వచ్చింది. అతను గోడకి ఆనుకుని, ఆమె చేతిని మాత్రమే చూస్తూ నిలబడ్డాడు. చురుకైన చెయ్యి. ఎప్పుడూ అంతే అయ్యుండాలి.

దుకాణం మూసేముందు భార్య అడిగింది. "రేపు ఆవిడకి ఏం చూపిస్తారు?"

అతను తాళం వేసి, లాగి చూశాడు. బేరం పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మాట పోతే ఏమవుతుందో అతనికి ఇంకా అంతు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి తాళం తీశాడు. డెమోనీ అక్క యంత్రాన్నీ పక్కపక్కన పెట్టి రెండింటి మూతలూ విప్పాడు. ఒకే రకం బోర్డు. డెమోలోని పెద్దదాన్ని తీసి అక్క దాంట్లో పెట్టాడు. అక్క దాంట్లోని చిన్నదాన్ని, ఇన్నాళ్ళూ ఆమె వేళ్ళ మీద నింద వేసినదాన్ని, తుడిచి, వెలుగుకి వాల్చి చదివి, డెమోలో కూర్చోబెట్టాడు. భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. మరలున్న సీసా అందించింది.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. గొడుగు మూలకి ఆనించి కుర్చీలో కూర్చుంది. "ఏమండీ చిన్నదిచాలు గారూ, ఇంకోసారి చూపించండి మీ గుర్రాన్ని."

అతను మీట నొక్కాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఇందులో ఉన్నది చిన్నదే. పోయినసారి మీరు చూసినప్పుడు కాదు. పెద్దది ఉంది, నాకు తెలియదు. ఇవాళ్టిదే నిజం. మీ పిల్లలు ఏమేం చేస్తారో అన్నీ మీరే తెరిచి చూడండి. ఉత్తరాలైతే చాలుతుంది. బొమ్మలు గీస్తే చాలదు. ఎక్కడైనా ఆగిపోతే మాత్రం మీ చేతిది కాదు తప్పు, దీనిది."

ఆమె అతని వంక ఒకసారి, కిటికీ దగ్గరున్న భార్య వంక ఒకసారి చూసింది. తర్వాత తెర వైపు తిరిగింది.

తెర ఇంకా నల్లగానే ఉంది. ముగ్గురూ చూస్తూ ఉన్నారు. అతని చెయ్యి అలవాటుగా డబ్బా వైపు కదిలింది. రెండో చెయ్యి దాన్ని పట్టుకుని ఆపింది.